చాన్సెల్: కటకటాల నుంచి వచ్చిన చర్చి మాట

డోర్నకల్ నుంచి కరీంనగర్ దాకా పాత సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చి దేంట్లోకి వెళ్లినా లోపలి తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. జనం కూర్చునే పొడవాటి హాలు, హాలు చివర ఒకటి రెండు మెట్లు, మెట్ల దగ్గర మోకరించడానికి వీలుగా పొట్టి రెయిలింగ్. రెయిలింగ్ అవతల సంస్కారపు బల్ల (క్రీస్తు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల), అయ్యగారి (పాస్టరు) కుర్చీ, కొన్నిచోట్ల పాటల బృందం కూర్చునే బెంచీలు. ఆ అవతలి భాగాన్నంతా మనవాళ్లు ‘ఆల్టర్’ అనేస్తారు. వాడుకలో అది చెల్లిపోతుంది కానీ కట్టడాల భాషలో ఆల్టర్ అంటే ఆ బల్ల మాత్రమే. బల్ల ఉన్న భాగం మొత్తానికి పేరు చాన్సెల్. జనం కూర్చునే హాలు నేవ్. ఈ రెంటినీ కలుపుతూ పైన పెద్ద కమాను ఉంటే దాన్ని చాన్సెల్ ఆర్చి అంటారు.

కథోలికులు చాన్సెల్ అనే మాట పెద్దగా వాడరు. వాళ్లు శాంక్చురీ అంటారు, అంటే పవిత్ర స్థలం. కేరళ సిరియన్ క్రైస్తవులు మద్బహా అంటారు, అక్కడ తెర కూడా వేస్తారు. గ్రీకు, రష్యన్ చర్చిల్లో పటాలతో నిండిన గోడే అడ్డంగా ఉంటుంది. పేర్లు వేరైనా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: జనానికీ బల్లకూ మధ్య ఏం ఉండాలి, దాన్ని ఎవరు దాటాలి? చాన్సెల్ అన్న పేరు పుట్టింది కూడా సరిగ్గా ఆ అడ్డులోంచే.

లాటిన్‌లో ‘కాంకెల్లి’ అంటే కటకటాలు. అడ్డంగా నిలువుగా కర్రలో కడ్డీలో అల్లిన జాలీ. ఈ మాటకూ, జైలు అని అర్థమున్న ‘కార్కెర్’ అనే లాటిన్ మాటకూ చుట్టరికం ఉందని భాషావేత్తలు చెబుతారు. తెలుగులో కటకటాలు అనగానే జైలే గుర్తొస్తుంది కాబట్టి ఆ చుట్టరికం మనకు వింతగా అనిపించదు. రోమన్ల కాలంలో ఈ కటకటాలు ఎక్కువగా కోర్టుల్లో ఉండేవి. బసిలికా అనే పెద్ద హాలు చివర న్యాయాధికారి కూర్చునే ఎత్తైన భాగం, దాని ముందు కాంకెల్లి, ఇవతల ఫిర్యాదుదారులు, సాక్షులు, చూడవచ్చిన జనం.

క్రీస్తు శకం 313 తర్వాత రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవులకు బహిరంగంగా చర్చిలు కట్టుకునే స్వేచ్ఛ వచ్చింది. అప్పటిదాకా ఇళ్లలో కూడుకున్నవాళ్లకు ఒక్కసారిగా పెద్ద కట్టడాలు కావాల్సి వచ్చాయి. అప్పటి గుళ్ల నమూనా వాళ్లకు పనికి రాలేదు. ఆ గుళ్లలో విగ్రహం లోపల ఉంటే జనం బయట ఉండేవాళ్లు. క్రైస్తవ ఆరాధనకు జనమంతా లోపలే ఉండాలి. అందుకని కోర్టు హాలునే తీసుకున్నారు. హాలుతో పాటు దాని కటకటాలూ వచ్చాయి. 4వ శతాబ్దం మొదట్లో, ఇప్పటి లెబనాన్‌లో ఉన్న తూరు పట్టణంలో కొత్త చర్చిని ప్రతిష్ఠించినప్పుడు చరిత్రకారుడు యూసేబియస్ ప్రసంగించాడు. బలిపీఠాన్ని, అంటే ఆల్టర్‌ను, మధ్యలో పెట్టి, జనం దగ్గరికి రాకుండా చుట్టూ అందమైన చెక్క జాలీ కట్టారని అందులో వర్ణించాడు. చర్చిలో కటకటాల గురించి దొరికే తొలి వర్ణనల్లో అదొకటి. రోమ్‌లోని సాన్ క్లెమెంతె చర్చిలో 6వ శతాబ్దపు పాలరాతి పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి. పాత చర్చి నుంచి తీసి, దాని మీద కట్టిన కొత్త చర్చిలో మళ్లీ పెట్టారు. నిలబడ్డ మనిషికి అవతల ఏం జరుగుతుందో చక్కగా కనిపించేంత ఎత్తే వాటిది.

మొదట కాంకెల్లి అంటే అడ్డు ఒక్కటే. తర్వాత అడ్డు వెనక ఉన్న జాగాకు ఆ పేరు అంటుకుంది. పాత ఫ్రెంచిలో చాన్సెల్ అయి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి వచ్చింది. తర్వాత చాలాచోట్ల అడ్డు తీసేసినా పేరు పోలేదు. ఇవాళ ఏ అడ్డూ లేని చర్చిలో కూడా ముందు భాగాన్ని చాన్సెల్ అంటున్నారంటే, అక్కడ లేని కటకటాల్ని తలుచుకుంటున్నట్టే.

ఈ మాట తోబుట్టువులు చర్చికి దూరంగా ఎక్కడెక్కడో స్థిరపడ్డాయి. కోర్టు కటకటాల దగ్గర నిలబడి జనాన్ని లోపలికి పంపే ఉద్యోగిని ‘కాంకెల్లారియస్’ అనేవాళ్లు. గుమ్మం దగ్గరి ఆ చిన్న ఉద్యోగం మెల్లగా గుమాస్తాగా, రాజు గారి ముద్ర దాచే కార్యదర్శిగా, చివరికి చాన్సలర్‌గా పెరిగింది. జర్మనీ ప్రభుత్వాధినేత, బ్రిటన్ ఆర్థిక మంత్రి, మన కాకతీయ యూనివర్సిటీకి చాన్సలర్‌గా ఉండే గవర్నర్, వరంగల్ విద్యార్థులు రోజూ తలిచే వీసీ, అందరి హోదా పేరూ ఆ కటకటాల దగ్గర పుట్టిందే. రాసినదాన్ని అడ్డగీతలు గీసి కొట్టేస్తే ఆ గీతలు జాలీలా కనిపిస్తాయి కాబట్టి కొట్టివేతకు ‘కాంకెల్లారే’ అన్నారు. కాజీపేట జంక్షన్‌లో టికెట్ క్యాన్సిల్ చేసుకునేవాళ్ల నోట పలికేది అదే మాట. జర్మన్ భాషలో ప్రసంగ వేదికను ‘కాన్జెల్’ అంటారు, ప్రసంగ పీఠం ఈ అడ్డు పక్కనే ఉండేది గనక.

మధ్యయుగాల యూరప్‌లో అడ్డు ఎత్తు పెరిగింది. ఇంగ్లండు పల్లె చర్చిల్లో చాన్సెల్ ముందు చెక్కడపు చెక్కతెర, దాని మీద సిలువ వేసిన క్రీస్తు బొమ్మ ఉండేవి. బల్ల దగ్గర జరిగేది తెర సందుల్లోంచి చూడాలి. బాధ్యతలు కూడా అక్కడే చీలిపోయాయి. నేవ్ మరమ్మతు ఊరి జనానిది, చాన్సెల్ మరమ్మతు పన్ను ఆదాయం పొందే రెక్టరుది, అంటే ఆ చర్చి గురువుది. ఆ ఆదాయపు భూములు తర్వాత చేతులు మారినా బాధ్యత భూమిని వదలలేదు. ఇంగ్లండులోని ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో పొలం వారసత్వంగా పొందిన దంపతులను, చాన్సెల్ బాగు చేయించడానికి దాదాపు 95 వేల పౌండ్లు కట్టమని అడిగారు. వాళ్లు కోర్టుకెక్కారు. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్లకు వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. ఒక గీతకు ఇన్ని వందల ఏళ్ల ఆయుష్షు ఉండటం ఆశ్చర్యమే.

ప్రొటెస్టంట్ సంస్కరణ కాలంలో ఆ గీత మీద పెద్ద తగాదాలే జరిగాయి. ఇంగ్లండులో సిలువ బొమ్మలు దించేశారు కానీ, చాన్సెళ్లు మునుపటిలాగే ఉండాలని 1552 నాటి ప్రార్థన పుస్తకంలో రాసుకున్నారు. బల్లను జనం మధ్యకు తేవచ్చన్నారు. 1630ల్లో ఆర్చిబిషప్ లాడ్ పక్షం వాళ్లు బల్లను మళ్లీ తూర్పు గోడకు చేర్చి, ముందు రెయిలింగ్ పెట్టించారు. నార్విచ్ బిషప్ అయితే కుక్కలు దూరనంత దగ్గర దగ్గరగా కడ్డీలు ఉండాలని ఆదేశించాడు. ఆరాధనలో ఆడంబరాలు వద్దనే ప్యూరిటన్లకు అది దేవునికీ మనిషికీ మధ్య మళ్లీ లేపిన గోడగా తోచింది. చాలా ఊళ్లలో రెయిలింగులు పీకి తగలబెట్టారు. 1641లో కామన్స్ సభ కూడా వాటిని తీసేయమంది. ఇటు కథోలికుల్లో ట్రెంట్ మహాసభ తర్వాత, అంటే 16వ శతాబ్దం చివర్లో, జనానికి బలిపీఠం స్పష్టంగా కనిపించాలని పెద్ద తెరలు తొలగించడం మొదలైంది. రోమ్‌లోని జెసూ చర్చిని ఆ తెర లేకుండానే కట్టారు. ఒకరినొకరు తిట్టుకున్న రెండు పక్షాలూ జనానికి లోపల కనిపించాలన్న విషయంలో దాదాపు ఒకే చోటికి వచ్చాయి.

తెలంగాణకు చాన్సెల్ వచ్చింది మాత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండు నుంచి. అక్కడ 1839లో కేంబ్రిడ్జిలో మొదలైన ఒక సంఘం, మొనదేలిన కమానులుండే మధ్యయుగాల గోథిక్ పద్ధతే నిజమైన క్రైస్తవ పద్ధతి అనీ, చర్చికి లోతైన చాన్సెల్ తప్పక ఉండాలనీ పట్టుబట్టింది. ఆ అభిరుచి ఎంతగా పాకిందంటే, ప్రసంగానికే పెద్ద పీట వేసే మెథడిస్టులు కూడా గోథిక్ చర్చిలు కట్టడం మొదలుపెట్టారు. వరంగల్‌కు పడమటి దిక్కున ఉన్న మెదక్ చర్చి దాని ఫలితమే. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పని చేసినవాళ్లకు తిండి గింజలు ఇచ్చి కట్టించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురం. మెథడిస్టులకు అక్కడ బిషప్ లేడు కాబట్టి అప్పటికది కెథడ్రల్ కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి మెదక్‌కు బిషప్ వచ్చాకే ఆ హోదా వచ్చింది.

మెదక్ చాన్సెల్ దగ్గర చూడాల్సింది బల్ల వెనక ఉన్న రంగుటద్దాల కిటికీ. క్రీస్తు ఆరోహణ దృశ్యం, చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ తయారుచేసింది, 1927లో అమర్చారు. జననం, సిలువ దృశ్యాల కిటికీలు అటూ ఇటూ రెక్కల్లో తర్వాత వచ్చాయి. తలుపులోంచి అడుగుపెట్టిన మనిషి చూపు నేరుగా ఆ వెలుగు మీదికే పోతుంది.

చాన్సెల్ అంటే ఏంటని అడిగితే ‘మన గర్భగుడి లాంటిది’ అని చాలామంది చెప్పేస్తారు. సగం నిజమే. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రంగమండపం, దాని తర్వాత అంతరాళం, దాని తర్వాత గర్భగుడి. ముందుకు వెళ్లేకొద్దీ జాగా తగ్గుతుంది, వెలుతురు తగ్గుతుంది, వెళ్లగల మనుషులూ తగ్గుతారు. 1213 నాటి రామప్ప గుడిలో లోపలి ద్వారానికి ఇరుపక్కలా చిల్లులు తీసిన రాతి ఫలకాలుంటాయి, వాటిలో నర్తకులు, వాద్యకారులు. రూపంలో చూస్తే లాటిన్ వాళ్ల కాంకెల్లికి కాకతీయ శిల్పుల చేతిలోంచి వచ్చిన జోడు అనొచ్చు. అయితే గర్భగుడి చీకటిగా ఉంటుంది, దీపం వెలుగులో దేవుణ్ణి చూడాలి. చాన్సెల్‌లో చాలా చర్చిల్లో అన్నిటికంటే పెద్ద కిటికీ ఉంటుంది. గర్భగుడిలో మూలవిరాట్టు. చాన్సెల్‌లో భోజనపు బల్ల. ఈ రెండో తేడా చాలా పెద్దది. బల్ల మీద ఉన్నది అవతలే ఉండిపోవడానికి పెట్టలేదు, ఇవతలికి రావడానికి పెట్టారు.

డోర్నకల్‌కు వస్తే ఈ తేడా బరువు తెలుస్తుంది. తమిళనాడు తిరునెల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు సంఘంలో, తొలి భారతీయ బిషప్ ఆయనే. అప్పటి నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో, రైల్వే జంక్షన్‌గా మాత్రమే తెలిసిన డోర్నకల్ ఆయన కేంద్రం. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠ జరిగింది. మెదక్‌లా గోథిక్ కాదు. మసీదుల్ని గుర్తుచేసే గుమ్మటాలు, గుడి స్తంభాల్లాంటి స్తంభాలు, తామర పూల చెక్కడం. ఈ నేల మీద క్రైస్తవం పరాయి బట్టలు తొడుక్కోనక్కర్లేదని అజరయ్య గట్టిగా నమ్మాడు, రాతిలో అదే చెప్పించాడు.

ఆ కట్టడంలో మొదట అడుగుపెట్టినవాళ్లు ఎవరన్నది అన్నిటికన్నా ముఖ్యం. డోర్నకల్ సంఘంలో ఎక్కువ మంది మాలలు, మాదిగలు. ఊరి గుడి మెట్టు ఎక్కే వీల్లేనివాళ్లు, ఊరి బావిలో చేద వేసే వీల్లేనివాళ్లు. గుడి స్తంభాల మధ్య నిలబడటం వాళ్లలో చాలామందికి అదే మొదటిసారి అయి ఉండాలి. వాళ్ల ముందు మళ్లీ ఒక అడ్డు పెట్టడం న్యాయమేనా? తరతరాలుగా ‘అక్కడే ఆగు’ అన్న మాట విన్నవాళ్లకు చర్చిలో కూడా ఒక గీత గీయాలా?

ఈ ప్రశ్నకు జవాబు రెయిలింగ్ దగ్గర జరిగే పనిలో ఉంది. సంస్కారం రోజు వరుస వరుసలుగా లేచి వెళ్లి రెయిలింగ్ ముందు మోకరిస్తారు. అయ్యగారు బల్ల దగ్గర నుంచి రొట్టె, గిన్నె పట్టుకుని వాళ్ల దగ్గరికి వస్తాడు. ఒకే గిన్నె. పక్కన మోకరించింది ఏ గూడెం మనిషో, ఏ కులం మనిషో చూసుకుని చోటు ఎంచుకునే వీలు ఉండదు. మాల గూడెం, మాదిగ గూడెం మధ్య కూడా తాగే నీళ్ల దగ్గర పట్టింపులున్న రోజుల్లో ఆ ఒక్క గిన్నె తేలిక విషయం కాదు. తెలుగు సంఘాల్లో దాని మీద టెన్షన్లు వచ్చాయి, కొన్నిచోట్ల ఇప్పటికీ కులాన్ని బట్టి సంఘాలు చీలుతున్నాయి. అయినా ఆ రెయిలింగ్ ఆకారంలోనే ఒక పట్టుదల ఉంది. కుక్కల్నీ జనాన్నీ ఆపడానికి పెట్టిన కడ్డీలు, మనుషులు భుజం భుజం ఆనించి భోజనం అందుకునే చోటుగా మారాయి. చాన్సెల్ చరిత్ర మొత్తంలో గొప్ప మలుపు ఏదంటే ఇదే. ఇది ఇంగ్లండులోనే మొదలైంది. కానీ దాని విలువ తెలిసేది, పక్కన కూర్చుని తినడమే నేరమైన చోట.

రెయిలింగ్ అవతలికి ఎవరు వెళ్లొచ్చన్న ప్రశ్నకు జవాబు మాత్రం చాలా ఆలస్యంగా మారింది. చాన్సెల్ ఊడ్చి, బల్ల మీద గుడ్డ మార్చి, పూలు పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. అదే బల్ల దగ్గర నిలబడి రొట్టె విరవడానికి సీఎస్ఐలో వాళ్లకు దశాబ్దాలు పట్టింది. 2013లో నంద్యాల డయాసిస్‌లో (బిషప్ పరిధిలో) పుష్ప లలిత బిషప్ అయ్యాక ఆ సంఘానికి తొలి మహిళా బిషప్ వచ్చినట్టయింది. పల్లె చర్చిల్లో మాత్రం ఇప్పటికీ ఆ మెట్టు ఎక్కడానికి ఆడవాళ్లు సంకోచించడం, ఎక్కితే పెద్దలు వారించడం కనిపిస్తుంది. ఈ ఆంక్షకు చాన్సెల్ చరిత్రలో ఆధారం వెతకడం కంటే, ఊళ్లో ఉన్న మడి, మైల పట్టింపుల్లో వెతికితే త్వరగా దొరుకుతుంది.

కాజీపేట ఫాతిమానగర్‌లోని కథోలిక కెథడ్రల్ దారి వేరు. వరంగల్ మేత్రాసనం (కథోలిక బిషప్ పరిధి) 1952లో హైదరాబాద్ నుంచి విడిపోయింది. ఇటలీ నుంచి వచ్చిన గురువులు దానికి పునాది వేశారు. పదేళ్లకే కథోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ మొదలైంది. 1964లో వచ్చిన ఆదేశం ప్రకారం బలిపీఠాన్ని గోడకు ఆనించకుండా విడిగా పెట్టడం మేలు, అప్పుడు గురువు జనం వైపు తిరిగి పూజ చేయవచ్చు. ప్రపంచమంతటా కథోలిక చర్చిల్లో రెయిలింగులు చాలావరకు అప్పుడే పోయాయి. జనం లేచి నిలబడి వరుసలో వచ్చి సత్ప్రసాదం తీసుకోవడం అలవాటైంది.

19వ శతాబ్దం చివర్లో హనుమకొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టులకు చాన్సెల్ అవసరమే లేదు. వాళ్లకు మధ్యలో ప్రసంగ పీఠం, దాని ముందు ప్రభువు బల్ల, బాప్తిస్మపు తొట్టి ఉంటే చాలు. బల్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు, కూర్చున్నచోటికే రొట్టె, ద్రాక్షారసం వస్తాయి. కంచె ప్రశ్నే లేకుండా చేసుకున్న పద్ధతి అది.

ఇప్పుడు వరంగల్, కరీంనగర్ పట్టణాల చుట్టూ కడుతున్న కొత్త ప్రార్థన మందిరాల్లో చాన్సెల్ స్థానంలో స్టేజీ వచ్చింది. మూడు నాలుగు అడుగుల ఎత్తు, పక్కనుంచి మెట్లు, వెనక ఎల్ఈడీ తెర, డ్రమ్ సెట్టు, ముందు వరుస సౌండ్ బాక్సులు. కటకటాలు ఎక్కడా కనిపించవు. కానీ స్టేజీ ముందు మోకరించి చేతులు చాచే చోటు లేదు, పైనున్న మనిషి కిందికి వంగి రొట్టె అందించే వీలు లేదు. ఎత్తే అడ్డుగా మారింది. చెక్క రెయిలింగ్ కంటే నాలుగడుగుల సిమెంటు దిమ్మె గట్టి కంచె. దాని అవతల ఉన్నది బల్ల కూడా కాదు, మైకు పట్టుకున్న ఒక మనిషి. ప్యూరిటన్లు బతికుంటే దేన్ని పీకి తగలబెట్టేవాళ్లో ఊహించడం కష్టం కాదు.

పాత చర్చిలకు మరమ్మతు చేయించే కమిటీలు కూడా ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. గ్రానైటు పరిచి చాన్సెల్‌ను ఇంకో రెండడుగులు లేపడం, ‘అడ్డంగా ఉంది’ అని పాత రెయిలింగ్ తీసేసి స్టీలు పైపులు పెట్టడం ఇప్పుడు మామూలైంది. రెయిలింగ్ ఎత్తు మోకరించిన మనిషి మోచేతులు ఆనేంత ఉండాలి, ముందు మెట్టు మోకాళ్లు పట్టేంత వెడల్పుండాలి, ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి పైకర్ర గుప్పిట్లో ఇమడాలి. నిలబడ్డవాళ్ల కోసం కట్టే బాల్కనీ పైపు కొలతలు దీనికి పనికిరావు. పాత రెయిలింగ్ కర్ర పుచ్చితే అదే కొలతకు కొత్త టేకు కర్ర వేయించుకోవచ్చు. ఊళ్లో వడ్రంగి చేయగలిగిన పనే అది.